నోరు జారిన ఏడాది

నా నోరు మంచిది కాదు. ఈ మాట నన్నెరిగినవాళ్ళు ఎప్పట్నుంచో అంటున్నారు గానీ, స్కానింగు తీసి మరీ చెప్పింది మాత్రం కిందటేడే. ఇప్పుడు కాస్త తేరుకున్నాను. ఇడ్లీని చిదిమి పసిపిల్లకి పెట్టినట్టు పెట్టుకోకుండా, ముక్క తుంచి తినగలుగుతున్నాను. ఆ ధైర్యంతోనే ఇది రాయడానికి కూర్చున్నాను. సగం నా మనసు కుదుటపడుతుందని. మిగతా సగం, మీలో ఎవరికైనా చెవి ముందు ఎముక టక్కుమంటుంటే, నాలాగా ఆ నేరం గాజుల మీదికి నెట్టకుండా ఉంటారని.

గాజుల సంగతి తర్వాత. ముందు మా అమ్మ గురించి చెప్పాలి. ఆవిడ లేకపోతే ఇది ఒట్టి పంటి డాక్టరు కథ.

నా చిన్నప్పుడు అమ్మకి విషజ్వరం వచ్చింది. పోతూ పోతూ వినికిడిని వెంట తీసుకుపోయింది. చెవికి మిషన్ పెట్టించాం, అందులో గోల వస్తుంది గానీ మాట రాదు. అప్పట్నుంచీ అమ్మ పెదవుల్ని చూసి మాటలు పట్టుకుంటుంది. దాన్ని ఆవిడ చూడటం అనదు. వినడం అనే అంటుంది. ఎవరైనా మొహం పక్కకి తిప్పి మాట్లాడితే "ఇటు తిరుగు, వినపడట్లేదు" అంటుంది. నాతో మాత్రం ఆ మాట అనే అవసరం రానివ్వలేదు. ప్రతి అక్షరానికీ నోరు పూర్తిగా తెరిచి, బుగ్గలూ గడ్డమూ కలిపి మాట్లాడటం ఆ వయసులోనే అలవాటు చేసుకున్నాను. బళ్ళో నన్ను గంగాళం అనేవాళ్ళు.

ఆ గంగాళమే తర్వాత నాకు అన్నం పెట్టింది. నేను డబ్బింగ్ చెప్తాను. తెర మీద పెదవులు ఒక అమ్మాయివి, గొంతు నాది. ఆ అమ్మాయి ముంబయి నుంచి వస్తుంది, తెలుగు రాదు. చాలా ఏళ్ళుగా ఆవిడ ఏడ్చిన ఏడుపులన్నీ నావే. పేరు చెప్పను. ఆవిడకి నా పేరు తెలియదు కాబట్టి చెల్లుకు చెల్లు.

ప్రతి సినిమాకీ అమ్మని తీసుకెళ్ళడం నాకు ఆనవాయితీ. మొదటిసారి ఇంటర్వెల్లో అమ్మ హాలంతా వినపడేలా అడిగింది. "అమ్మడూ, అక్కడ మొగుడు చచ్చిపోతుంటే ఆ పిల్ల వన్ టూ త్రీ అంటుందేమిటే?" షూటింగులో భాష రాని హీరోయిన్లు కొందరు డైలాగుకి బదులు అంకెలు చెప్పేస్తారు. ఆ అంకెల మీద మా గొంతులు పరిచేస్తాం. జనానికి తెలియదు. మా అమ్మకి దొరికిపోయింది.

తర్వాత్తర్వాత ఆ ఫిర్యాదు ఆగిపోయింది. హాల్లో నా పక్కన కాస్త నా వైపు ఒరిగి కూర్చునేది, మెడనొప్పేమో అనుకునేదాన్ని. నాకూ ఒక పిచ్చి ఉంది. తెర మీద నా గొంతు వస్తుంటే నాకు తెలియకుండానే పెదవులు కదులుతాయి. మా ఆయన రవి "సుధా, ఒకసారి చెప్పినదానికి డబ్బులిచ్చేశారు, మళ్ళీ ఎందుకు చెప్తున్నావ్" అని ఏడిపించేవాడు.

ఎండల్లో

ఫిల్మ్‌నగర్‌లో మేం పనిచేసే డబ్బింగ్ థియేటర్ ఒక సెల్లార్‌లో ఉంటుంది. అద్దానికి అటువైపు నరేందర్, సౌండ్ ఇంజనీరు. ఒకరోజు ఒకే డైలాగు మళ్ళీ మళ్ళీ చెప్పించాడు.

"అక్కా, ఏందో టక్కుమంటున్నది. గాజులు గిట్ల తీస్తవా జర?"

తీశాను. టక్కు. కమ్మలు తీశాను. టక్కు. వాచీ తీశాను. కుర్చీ కిర్రుమంటుందేమోనని నిలబడ్డాను. నల్లపూసలు తీయమనడానికి మొహమాటపడి, "పైట కింద దోపుకో అక్కా" అన్నాడు. దోపుకున్నా టక్కు. ఏసీ ఆపి చెమటలు కక్కాం. చివరికి నరేందర్ అన్నాడు, "అక్కా, మాట్లాడకు. ఊకే నోరు తెరువు."

తెరిచాను. టక్కు.

అద్దం వెనక అతను హెడ్‌ఫోన్లు మెల్లగా తీశాడు. "అక్కా, గది నువ్వే."

అందరం విరగబడి నవ్వాం. ఆ వేసవంతా నరేందర్ నా ట్రాకులోంచి ఆ టక్కుల్ని ఒక్కొక్కటే కోసి పారేశాడు, నా పలుకుల్లోంచి పలుకురాళ్ళు ఏరుతున్నట్టు. శబ్దం తీసేశాం కాబట్టి జబ్బు పోయిందనుకున్నాం. ఇలాంటి పొరపాటు శబ్దంతో బతికే మాలాంటివాళ్ళే చేయగలరు.

వానల్లో

చెవి నొప్పి మొదలైంది. చెవి డాక్టరు చూసి, చెవి శుభ్రంగా ఉందన్నాడు. తలనొప్పి. తలకి మాత్రలిచ్చారు. ఎవరో చెప్తే ఒక పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. కుడివైపు పన్ను ఎత్తుగా తగులుతోందని అరగదీశాడు. మరుసటి వారానికి ఎడమవైపు ఎత్తనిపించింది. అదీ అరగదీశాడు. ఆ తర్వాత నా పళ్ళు ఎక్కడ కలవాలో వాటికే తెలియకుండా పోయింది. తలుపు చెక్కగా చెక్కగా గడియ పడటం మానేసినట్టు. నా కథ చదివి ఒక్కరైనా, పన్ను అరగదీయించుకునే ముందు ఇంకో డాక్టర్ని అడిగితే, నా ఎనామిల్ వృథా కానట్టే.

ఆ రోజుల్లోనే ఒక ఏడుపు సీను చెప్పాను. అన్న శవం మీద పడి చెల్లెలు గుండెలవిసేలా ఏడవాలి. డైరెక్టరుగారు "ఇంకొంచెం మేడమ్, ఇంకొంచెం" అంటూనే ఉన్నారు. చాలండీ అనడం నాకెప్పుడూ రాలేదు. ఏడిచాను.

మర్నాడు పొద్దున టక్కు వినపడలేదు. హమ్మయ్య అనుకున్నాను. అమ్మ కాఫీ గ్లాసు చేతికిస్తూ, "పాలవాడొచ్చాడా?" అంది.

"వచ్చాడమ్మా" అనబోయాను. నోరు ఒక వేలు సందు దగ్గర ఆగిపోయింది. టక్కుతోబాటు తెరుచుకోవడమూ పోయిందన్నమాట. గొంతు బాగానే ఉంది. పళ్ళ సందుల్లోంచి మాట బయటికొచ్చింది కూడా. వంటింట్లోంచి రవి "వచ్చాడా, సరే" అన్నాడు.

అమ్మ నా పెదవుల వంక చూసింది. దగ్గరికొచ్చి మళ్ళీ చూసింది.

"వినపడట్లేదే" అంది.

గొంతు అమ్ముకుని బతికేదాన్ని నేను. ఊళ్ళన్నిటికీ వినపడ్డాను. అమ్మ నాతో ఆ మాట అనడం అదే మొదలు.

శ్రావణంలో

రాసి చూపించొచ్చు కదా అని మీరంటారు. రవీ అదే అన్నాడు. "ఫోన్లో టైప్ చెయ్ సుధా, దీనికింత గొడవేంటి?" టైప్ చేశాను. అమ్మ కళ్ళజోడు వెతుక్కుని చదివి, పక్కన పెట్టేసి, "విషయం తెలిసింది. నువ్వు రాలేదు" అంది. నాకు అర్థమైంది, రవికి అర్థం కాలేదు. అతని తప్పేం లేదు. పెళ్ళైన నాటినుంచీ అతని మాటలు అమ్మకి సగమే వినపడతాయి, పై పెదవిని మీసం కప్పేస్తుంది కాబట్టి. ఇంట్లో అమ్మకి పూర్తిగా వినపడే మనిషిని నేనొక్కదాన్నే.

పెదవులు చూసి వినేవాళ్ళకి ప, బ, మ ఒక్కలాగే ఉంటాయి. మిగతాది బుగ్గల కదలికలోంచీ గడ్డం దిగే తీరులోంచీ ఏరుకోవాలి. నా మొహంలో ఇప్పుడు ఏరుకోడానికేం లేదు. ఒకరోజు నొప్పికి తట్టుకోలేక "అమ్మా, మందు" అన్నాను. అమ్మ గబగబా వెళ్ళి పండు తెచ్చింది. నున్నగా తొక్క ఒలిచిన అరటిపండు, ఒక వేలు మాత్రమే పట్టే నోటికి. నవ్వొచ్చింది. నవ్వితే దవడలో కత్తి దిగినట్టయి కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. అమ్మ ఆ నీళ్ళనే చూసింది. పండు పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత అన్నిటికీ "ఊ" అనడం మొదలుపెట్టింది. వినపడకపోయినా ఊ. "బయటికెళ్తున్నా, తలుపేసుకో" అన్నాను. ఊ అంది. సాయంత్రం వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎదురుగా కుర్చీలో కూర్చుని నాకోసం చూస్తోంది. రవి విసుక్కున్నాడు, "దొంగలు పడితే ఏంటత్తయ్యా?" అతని మీసం వంక చూసి ఊ అంది.

దసరా వెళ్ళాక

చివరికి చెవి డాక్టరే ఒక చోటు చెప్పాడు. జూబ్లీహిల్స్‌లో, ఆటో కూడా ఆయాసపడే ఎత్తు మీద ఉంది ఆ క్లినిక్. దవడ కీళ్ళ జబ్బుకి పంటి డాక్టరు, ఫిజియోథెరపీ, కౌన్సెలింగు అన్నీ ఒకే చోట చూస్తారన్నాడు. అమ్మ కూడా వస్తానంది. హాల్లో అందరం బుగ్గన చెయ్యి పెట్టుకుని కూర్చున్నాం, కబురు కోసం ఎదురుచూసే నాయికల్లా. అమ్మకి తన గొంతు ఎంత గట్టిగా ఉందో తెలియదు కదా. "పాపం, ఆవిడ బుగ్గ చూశావా, బూరెలా పొంగింది" అంది. హాలంతా మా వైపు తిరిగింది. నేను భూమిలోకి కుంగిపోయాను. ఆ బూరె బుగ్గావిడ మాత్రం లేచి వచ్చి అమ్మకి ఎదురుగా కూర్చుని, తన ఎక్స్‌రే తీసి చూపించింది. ఇద్దరూ చేతులతో ఏదో మాట్లాడుకున్నారు. నా వంతు వచ్చేదాకా ఆవిడే మా అమ్మని చూసుకుంది.

లోపల్నుంచి ఒకమ్మాయి వచ్చి, "మేడమ్, బైట్ ఇవ్వాలి రండి" అంది.

ఫిల్మ్‌నగర్‌లో బైట్ అంటే టీవీవాళ్ళ మైకు ముందు చెప్పే నాలుగు ముక్కలు. హీరోయిన్ ఇస్తుంది, డైరెక్టరిస్తాడు, హీరోగారి డ్రైవరూ ఇస్తాడు. డబ్బింగ్ చెప్పినదాన్ని ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు. గబగబా జుట్టు సర్దుకున్నాను. లోపలికెళ్తే పళ్ళ మధ్య నీలం కాగితం పెట్టి "కొరకండి" అన్నారు. నా మొదటి బైటు అదీ.

డాక్టర్ మాధవి తొందరపడలేదు. చెవుల ముందు వేళ్ళు ఆనించి, నోరు తెరిపించి మూయించి, మెడా భుజాలూ నొక్కి, స్కానింగు తీయించి చూసింది. నీలం మచ్చలు ఎక్కడెక్కడ పడ్డాయో అద్దంలో నాకూ చూపించింది. "మీ పళ్ళు ఇందులో దొంగలు కాదండీ, సాక్షులు" అంది. "కీలు లోపల మెత్తటి బిళ్ళలాంటిది ఉంటుంది. అది ముందుకి జారింది. దానికి తోడు కండరాలు బిగుసుకుపోయాయి. అరగదీసిన పన్ను తిరిగి రాదు. అందుకని ఇకమీదట, వద్దనుకుంటే వెనక్కి తీసుకోగలిగిన వైద్యమే ముందు చేద్దాం."

నోరు జారడమంటే ఇదన్నమాట. నేను ఎవర్నీ పల్లెత్తు మాట అనకుండానే.

అమ్మ నా చెయ్యి గోకింది, ఏమంటోందని. మాస్కు అడ్డం కదా. డాక్టరు గమనించింది. కుర్చీ అమ్మ వైపు తిప్పుకుని, మాస్కు కిందికి లాగి, చెప్పిందంతా మళ్ళీ మొదట్నుంచి మెల్లగా చెప్పింది. ఇన్ని ఆసుపత్రుల్లో అమ్మకోసం మాస్కు తీసిన డాక్టర్ని అప్పుడే చూశాను.

మాస్కు అలాగే ఉంచి నా వైపు తిరిగి అడిగింది. "చిన్నప్పట్నుంచీ ఇంత పెద్దగా నోరు తెరిచి మాట్లాడేవారా?"

అమ్మ ఆ పెదవుల మీంచి కళ్ళు తీయలేదు. వినపడింది ఆవిడకి.

"అదొక్కటే కారణమని కాదు" అని డాక్టరు వెంటనే అంది. కానీ అప్పటికే అమ్మ తల వంచేసుకుంది. తల వంచుకున్న మనిషికి ఏం చెప్పినా వినపడదు.

ఆ రోజునుంచి అమ్మ నా మొహం చూడటం మానేసింది. నేను దగ్గరికెళ్తే కూరగాయల వంక చూస్తుంది. పిలవడానికి భుజం తడితే, "అన్నీ సర్దేశాలే, నువ్వేం చెప్పకు" అని అటు తిరిగే అంటుంది. కోపం కాదది. నా దవడకి పని తగ్గిస్తోంది. ఆవిడ చూడకపోతే నేను మూగదాన్ని. ఆవిడకది తెలుసు. తెలిసే చేసింది.

వైద్యం మాత్రం సాగింది. పై పళ్ళకి తొడిగే ప్లేటు చేసిచ్చారు. అది పెట్టుకుంటే నా "స" అంతా "ష" అయిపోయి, నా పేరు నేనే షుధ అని చెప్పుకునేదాన్ని. ఫిజియో చూసే కిరణ్, "నాలుక ఎప్పుడూ 'న' అనే చోట ఉంచండి. పెదవులు కలిసి, పళ్ళు విడిగా" అన్నాడు. కౌన్సెలింగు చేసే పెద్దావిడకి ఇది చెప్తే నవ్వింది. "మీకు సరైన అక్షరమే ఇచ్చాడు, 'న' అంటే కాదనడమేగా. ఇంకొంచెం అని ఎవరడిగినా ముందు 'న' దగ్గర నిలబడండి." వాళ్ళు నా సంగతి ఒకే బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునేవారు. ఒకరు చెప్పింది ఇంకొకరికి నేను మోయక్కర్లేకపోయింది. దాంతోనే సగం బరువు దిగింది.

అమ్మ మొహం తిప్పుకోవడం గురించి కూడా ఆ పెద్దావిడకే చెప్పాను. తర్వాతి వారం డాక్టర్ మాధవి అమ్మని లోపలికి పిలిచి, మాస్కు తీసి, చెయ్యి పట్టుకుని చెప్పింది. "అమ్మా, ఇది మీవల్ల వచ్చింది కాదు. మీరు చూడకపోతే మీ అమ్మాయి ఇంకా గట్టిగా పళ్ళు బిగిస్తోంది."

అమ్మ అంతా విని తలూపింది. దిగువకి వెళ్ళే ఆటోలో, రోడ్డు వంక చూస్తూ, "మంచి పిల్ల. మంచివాళ్ళు అలాగే చెప్తారు" అంది.

చలికాలం

నోరు రెండు వేళ్ళ దాకా వచ్చింది. మామూలుగా మాట్లాడుకోవచ్చన్నారు. అరుపులూ ఏడుపులూ వద్దన్నారు. ఎన్నాళ్ళు వద్దు అని అడిగాను. డాక్టరు "వాటి మీద ఆశ పెట్టుకోకుండా ఉంటే మంచిదండీ" అంది. ఆవిడ మాస్కు తీసే చెప్పింది.

నరేందర్ ఫోన్ చేశాడు. చాలాసేపు వాతావరణం గురించి మాట్లాడాడు.

"విషయం చెప్పు నరేందర్."

"అక్కా, ఏమనుకోకు. రిలీజ్ దగ్గరపడ్డది. ఇంకో పిల్లతోని మొదట్నుంచి మల్ల చెప్పిచ్చిండ్రు. చిన్న పిల్ల. అంత నీ లెక్కనే చెప్తది."

"మంచిదేగా."

"మంచిదే. టక్కు గూడ లేదు." నవ్వబోయాడు, రాలేదు. "నాకే జర పనిలేనట్టు అనిపిస్తున్నదక్కా."

ఏడుపు ముందు ఆ హీరోయిన్ ఒకసారి ముక్కుతో గాలి పీలుస్తుంది, అది వదలొద్దని ఆ పిల్లకి చెప్పమన్నాను. ఫోన్ పెట్టేసి, నాలుక "న" దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. ఇన్నేళ్ళ నా ఏడుపులు ఇంకొకరివయ్యాయి. ఏడవడానికి కూడా నాకు అనుమతి లేదు.

అమ్మకి చెప్పలేదు. చెప్తే అదీ తన ఖాతాలోనే రాసుకుంటుందని.

మళ్ళీ ఎండలు

సినిమా విడుదలైంది. "ఎప్పుడు వెళ్దాం?" అని అమ్మే అడిగింది, పేపర్లో బొమ్మ చూసి. పని ఉందన్నాను, దవడ నొప్పన్నాను. ఊ అంది. మర్నాడు ఇస్త్రీ చీర కట్టుకుని ముందుగదిలో కూర్చుంది. ఇక తప్పలేదు. రవి ఆఫీసుకి పోయాడు. మేమిద్దరమే మధ్యాహ్నం ఆటకి వెళ్ళాం.

ఆ చిన్నపిల్ల బాగా చెప్పింది. ముక్కుతో గాలి పీల్చడం కూడా వదల్లేదు. నాలాగే ఉంది, నాకంటే లేతగా ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, పళ్ళు విడిగా, పెదవులు కలిపి, కిరణ్ చెప్పినట్టే కూర్చున్నాను. పక్కన అమ్మ ఎప్పట్లాగే నా వైపు ఒరిగి ఉంది. మెడనొప్పి అనుకున్నాను.

ఇంటర్వెల్లో లైట్లు వెలిగాయి. అమ్మ చాలా నెలల తర్వాత నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఈసారి నువ్వు చెప్పలేదు కదూ?"

"ఎవరు చెప్పారమ్మా?"

"నువ్వే. ఇంతసేపూ నోరు కదపలేదు." చీర కొంగుతో నా గడ్డం కింద చెమట తుడిచింది. "తెర మీది పిల్ల పెదవులతో నాకేం పనే, అదెప్పుడూ అంకెలే చెప్తుంది. నేను సినిమా వినేది నీ మొహంలో."

ఇన్నేళ్ళ మెడనొప్పి నాకప్పుడు అర్థమైంది. అమ్మ అంది, "నావల్లే కదే."

"కాదమ్మా." రెండు వేళ్ళంత నోరు తెరిచి, తెరిచినంత మేరా చెప్పాను. "కాదు."

అమ్మ నా పెదవుల వంక చాలాసేపు చూసింది. నమ్మిందో లేదో తెలియదు. వినడమైతే విన్నది.

లైట్లు ఆరిపోయాయి. ఆవిడ మోచేత్తో పొడిచింది. "సగం కథ పోయింది నాకు. ఇప్పుడేమంటోంది?"

ఇన్నేళ్ళూ ఇంకొకరి పెదవులకి నా గొంతు అతికించాను. ఆ మధ్యాహ్నం మొదటిసారి, ఇంకొకరి గొంతుకి నా పెదవులు కలిపాను. శబ్దం లేకుండా, చిన్నగా, ఆ పిల్ల చెప్పే ప్రతి మాటకీ. తెర వెలుగు నా మొహం మీద పడినప్పుడల్లా అమ్మ ముందుకి వంగేది. కొన్ని మాటలు జారిపోయాయి. "ఊ" అనలేదు. "మళ్ళీ చెప్పు" అంది. హాయిగా అనిపించింది.

చివర్లో ఆ సీను రానే వచ్చింది. అన్న శవం, చెల్లెలు. నేను దవడ విరగ్గొట్టుకున్న సీనే, వేరే పిల్ల గొంతులో. ఆ పిల్ల గాలి పీల్చింది. నా నోరు దానంతటదే తెరుచుకోబోయింది. దవడ కింద ఒక చెయ్యి పడింది. మెల్లగా, గాజుల చప్పుడుతో సహా, నా నోరు మూసింది.

"ఏడుపు చెప్పక్కర్లేదులే" అంది అమ్మ, హాలంతా వినపడేలా. "అది నాకు వినపడుతుంది."